మోటారు ఆపిన అరగంట

వజ్రకరూరు దాటి రెండు మైళ్లు. ఎర్రనేల.
చెనక్కాయ చేని గట్టున నడుంలోతు గాడి తవ్వి
అందులోకి దింపినాం మా సెన్సార్‌ని.
దానికి గాలి తగలకూడదు.
ఇక్కడి గాలి సంగతి తెలిసిందే,
గొడుగు విప్పితే కడపలో దొరుకుతుంది.

ద్రవ నైట్రోజన్ పశువుల ఆస్పత్రి నుంచి తెచ్చినాం.
క్యాను మీద "ఒంగోలు గిత్త" అన్న పెయింటు ఇంకా పోలేదు.
ఆ చలిలో, సున్నాకి నూటతొంభైఆరు కింద,
గోరంత పలక అడ్డుచెప్పడం మరిచిపోతుంది.
కరెంటు ఒకసారి అందులో తిరగడం మొదలుపెడితే
కాడి విప్పినా తిరుగుతుండే గానుగెద్దే.

భూమి అయస్కాంతంలో వంద కోట్లో వంతు,
అంత సన్నటి మాట దీనికి వినబడాలని
షంషాద్ మేడం పట్టు.
మూడేళ్లుగా మా పనంతా గోల ఏరడమే,
బియ్యంలో రాళ్లు ఏరినట్టు.
ఇనప బకెట్టు పోయి ప్లాస్టిక్ చెంబు వచ్చింది.
బల్లకి మేకులు పీకి చెక్కసీలలు కొట్టించినాం.
లింగమయ్యని బెల్టు బకిల్‌తో సహా, జీపుతో సహా
అర కిలోమీటరు అవతల నిలబెట్టినాం.
తీగచుట్టలు రెండు, ఒకదానికొకటి ఎదురు తిప్పి కట్టినాం:
దూరాన్నుంచి వచ్చే రొద, గుంతకల్లు రైలుదీ గాలిమరలదీ,
రెండిట్లోనూ సమంగా పడి కొట్టుకుపోతుంది.
దగ్గరిది సమంగా పడదు.
వీధిలో తగువు తీర్చేటప్పుడు మా అమ్మ ఇట్లే
ఇద్దరినీ అరవనిచ్చి, మిగిలింది వినేది.

అయినా ఒక రొద పోలేదు. సెకనుకి యాభై సార్లు.
వన్నూరప్ప బోరు మోటారు.

"రాత్రి పదకొండుకు ఇస్తారు త్రీఫేజు, మూడుకు తీస్తారు.
ఆ నాలుగు గంటలే నా చేనుకు.
ఆపమంటే యెట్లమ్మా?"
మేడం నేల చూసింది.
ఆయన బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు.
"అరగంట. మించి అడగొద్దు.
ఊడలు దిగే కాలమిది."

మోటారు ఆగింది.
కాలువలో నీళ్లు కొంచెం దూరం నడిచి నిలబడ్డాయి.
తెర మీద రేగిన గీత మెల్లగా పడుకుంది.
పూర్తిగా కాదు.
ఇంకా ఒక చిన్న ఎగుడుదిగుడు,
ఊపిరంత నిదానంగా.

"ఎవరిదది?" అంది మేడం.
జేబులు తడుముకున్నాం. గడియారాలు ఎప్పుడో తీసినాం.
కుర్రాడొకడు పంటికి తొడుగు వేయించుకున్నానని చెబితే
వాణ్నీ జీపు దగ్గరికి తరిమినాం.
పద్నాలుగు నిమిషాలు పోయినాయి,
పద్నాలుగు నిమిషాల నీళ్లు.

అప్పుడు నా చేయి మెడ దగ్గరికి పోయింది.
తాళికి పిన్నీసు.
కొంగుకి, ముల్లు తీసుకోవడానికి, దేనికైనా పనికొస్తుందని
పెళ్లినాడు అమ్మ తగిలించింది.
పదకొండేళ్లలో అది ఉందనే మరిచిపోయినాను.
నేను ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ కాస్త ఇనుము
కింద సెన్సార్‌కి నా సంగతి చెబుతోంది.

తీసి వన్నూరప్ప చేతిలో పెట్టినాను.
ఆయన ఒక గట్టు దాటి, ఇంకో గట్టు దాటి
చీకట్లో నిలబడ్డాడు,
దీపానికి గాలి తగలకుండా పట్టినట్టు దోసిలి మూసి.

గీత పడుకుంది.
అంత నిశ్శబ్దం ల్యాబులో కూడా చూడలేదు మేము.
గాడి పొడవునా జానెడు జానెడు జరుపుతూ పోతే
తూర్పు కొసన చిన్న వంపు.
వజ్రాలు మోసుకొచ్చిన పాతాళపు రాతి గొట్టం కావచ్చు.
పూడిపోయిన బావిలో నాగలికర్రు కావచ్చు.
మేడం పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టి, పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.
మోటారు మొదలైంది. గీత రేగింది.
ఎవరం ఏమీ అనుకోలేదు.

తెల్లారి అమ్మకు ఫోన్ చేసినాను.
తొలకరి పడితే ఇదే నేలలో ఒంగి నడిచేది ఆమె.
ఎండ వీపున ఉండాలి, నోరు కదపకూడదు, అనేది.
ముప్పై ఏళ్లకు ఒక్క రాయి, అదీ బీటవారింది.

"దొరికిందా?"
"పిన్నీసు దొరికిందమ్మా."
కాసేపు ఫోన్‌లో కోడికూత ఒక్కటే వినబడింది.
"పారేసుకోవద్దు," అంది,
"మంచి ఉక్కుది."